తిప్పి కుట్టిన కోటు

మా ఇంట్లో రెండు కత్తెరలు ఉండేవి. చిన్నది నాది. దారాలు తెంపడానికి, జాకెట్లు కత్తిరించడానికి, తొందరలో ఉన్నప్పుడు కొత్తిమీర కాడలు కోయడానికి కూడా అదే. పెద్దది మా ఆయన అంబదాస్‌ది. అంతకుముందు మా మామది, ఇంకా ముందు మామ తండ్రిది. నల్లటి ఇనుప కత్తెర, ఒంటి చేత్తో ఎత్తితే మణికట్టు లాగుతుంది. దసరా నాడు దానికి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టేవాళ్లం. బొట్టు పెట్టడానికి నా చెయ్యి పనికొచ్చేది, పట్టుకోవడానికి మాత్రం పనికొచ్చేది కాదు.

"ఆడది పెద్ద కత్తెర పడితె దుక్నం మూతపడ్తది" అని మా అత్త గంగుబాయి నేను కాపురానికి వచ్చిన వారానికే చెప్పింది. చెప్పి ఊరుకోలేదు. దుమ్ము తుడుద్దామని ముట్టుకున్నందుకు కొలత టేపు మడిచి నా చేతి మీద ఒక్కటి వేసింది. ఇరవై ఏళ్లయింది. ఆ దెబ్బ నేను మరిచిపోలేదు, మరిచిపోవాలని అనుకోనూ లేదు.

నేను ముట్టుకోకుండానే దుకాణం సగం మూతపడింది. కాగజ్‌నగర్ బజార్లో రెడీమేడ్ షాపులు వరసగా వెలిశాక ప్యాంటు కుట్టించుకునేవాడే కరువయ్యాడు. మా ఆయన జిప్పులు మార్చేవాడు, పొడవు ప్యాంట్లు పొట్టి చేసేవాడు. కోటు కుట్టి పన్నెండేళ్లయినా బోర్డు మీద 'సూట్ స్పెషలిస్ట్' అని అలాగే ఉంది. నిజం చెప్పాలంటే కోటు కటింగ్ ఆయనకు ఎప్పుడూ సరిగా రాలేదు. మామ పోయాక ఆయన కోసిన మొదటి కోటు భుజాలు సరిచేయడానికి నేను నాలుగు రోజులు కూర్చున్నాను. ఇంట్లో కాజాలు కుట్టేది నేను, గుండీలు వేసేది నేను, అంచులు మడిచేది నేను. పేరు మాత్రం కత్తిరించిన చేతిది.

పోయిన చలికాలం, కార్తీకం సగం గడిచాక, ఒక మధ్యాహ్నం దీపిక మా గుమ్మంలోకి వచ్చింది. పాతికేళ్లుంటాయి. ఆసిఫాబాద్‌లో గురుకులం టీచరు. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో ఒక మగవాళ్ల పాత కోటు.

"అక్కా, అన్న దుక్నం కాడ అడిగితె ఆడోళ్ల కొలతలు మేం తియ్యం అన్నడు. ఇంటికాడ సూపెట్టుకో పో అన్నడు. లేడీస్ టైలర్ కాడికి పోతె, గిది జెంట్స్ ఐటం, మాకు రాదు పొమ్మన్నరు."

"అంటె మధ్యల పడ్డవన్నట్టు" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

కోటు వాళ్ల తాతది. ఆయన పేరు ఇస్తారి, రైల్వేలో గార్డుగా చేసి కిందటి వానాకాలం పోయాడట. మెడ దగ్గర మా దుకాణం లేబుల్ ఉంది, పాతకాలపు అక్షరాలతో. అది పట్టుకునే ఆ అమ్మాయి వెతుక్కుంటూ వచ్చింది. ఫోన్లో ఒక బొమ్మ చూపించింది. చేతులు లేని కోటు, నాలుగు చిన్న జేబులు, ముందు ఐదు గుండీలు, వెనక అంతా లోపల వేసే నున్నటి అస్తరు గుడ్డే, నడుం దగ్గర బిగించుకునే పట్టీ. తెల్లదొరల కాలపు వేస్ట్‌కోటు.

"గిసొంటిది కావాలక్కా. పొద్దుగాల ఆరింటికే స్కూటీ మీద పోత. చలికి పానం పోతది. స్వెటర్ ఏసుకోవచ్చు, గని తాతది ఏసుకుంటె వేరే గద."

కోటు తిరగేసి చూశాను. ట్వీడ్ అట, దీపికే చెప్పింది. ముతక ఊలు బట్ట, బూడిద రంగులో అక్కడక్కడ ఆకుపచ్చ నూగు. పైన వెలిసిపోయింది. మోచేతులు పల్చబడ్డాయి. కుడివైపు ముందుభాగాన్ని పురుగు తినేసింది. చిరిగిన అస్తరు పైకి ఎత్తితే లోపలి వైపు మాత్రం నిన్న తెచ్చిన బట్టలాగా ఉంది. పాత టైలర్లు ఇలాంటి కోటును విప్పి, లోపలిది పైకి వచ్చేలా తిప్పి కుట్టేవాళ్లని మామ నోట విన్నాను. నా వేళ్లు ఆగలేదు. ఆ అమ్మాయిని నిలబెట్టి కొలతలు తీసుకున్నాను.

సాయంత్రం అంబదాస్ కోటు చూసి సంచిలో కుక్కాడు.

"వాపస్ ఇయ్యి. బట్ట సాలది, పురుగు కొట్టింది."

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు ఉంది ఆయన మాట. "తిప్పి కుడితె సాల్తది. నేను కుడ్త" అన్నాను.

"కుడ్తవు సరే. కటింగ్ ఎవలు చేస్తరు?"

"నేనే."

ఆయన నవ్వాడు. తిట్టినా బాగుండేది. చిన్నపిల్ల విమానం నడుపుతానంటే నవ్వే నవ్వు అది. మంచం మీద నుంచి అత్త గొంతు: "రేవతీ, నోరు మూసుకొని రొట్టెలు చెయ్యి."

రొట్టెలు చేశాను. ఆ రోజు పిండిని నేను పిసికినట్టు ఎవరూ పిసికి ఉండరు.

మర్నాటి నుంచి వాకిట్లో ఎండ పడగానే కోటు ముందేసుకుని కూర్చునేదాన్ని. బ్లేడుతో ఒక్కో కుట్టూ తెంపుతుంటే అరవై ఏళ్ల దుమ్ము గోళ్లలోకి ఎక్కింది. చేతులు విడిపోయాయి, వీపు విడిపోయింది. ఊలును నీళ్లలో నానబెడితే ముడుచుకుపోతుందని, తడిగుడ్డ పరిచి దాని మీద ఇస్త్రీ చేశాను. పాత క్యాలెండర్ కాగితాల మీద దీపిక కొలతలతో ముక్కలు గీసి చిన్న కత్తెరతో కోశాను. వాటి ప్రకారం పాత దుప్పటితో ఒకటి కుట్టి ఆదివారం ఆమెకు తొడిగి చూశాను. చంక దగ్గర కొంచెం బిగిసింది, సరిచేశాను. అంతవరకు అంతా నా చేతిలో ఉన్న పని. అసలు బట్ట కోయాలంటే మాత్రం నా చిన్న కత్తెర నోరు చాలదు, ఆ ముతక ఊలును నమిలి పెడుతుంది. అంబదాస్ ఆ సంగతి ఎరిగినవాడు గనక, ఇంట్లో ఉండే పెద్ద కత్తెరను దుకాణానికి తీసుకుపోయాడు. అడిగితే "సాన పట్టియ్యాలె" అన్నాడు.

చివరికి కాలర్ మిగిలింది. విప్పి చూస్తే అడుగు ముక్క ఒక్కటి కాదు, ఐదు చిన్న చిన్న తుక్డాలు. అతుకులు తెలియనంత సన్నగా కలిపి ఉన్నాయి. ఎంత ఓపిక గల చెయ్యో అనుకున్నాను. ఆ అతుకులు విడిపోకుండా లోపల ఒక గుడ్డ వేసి కుట్టారు. నూలు గుడ్డ, ముదురాకుపచ్చ, ఒక కొసన ఎర్రటి సన్న అంచు. చీర ముక్క.

అత్త ఎదురుగా కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఇటియ్యి" అంది. ఇచ్చాను. బొటనవేలితో ఆ అంచును రుద్దింది. "గిది నా లుగ్డా. పెండ్లిది. తొమ్మిది గజాలది."

"నీ చీర ముక్క మామ కుట్టిన కోటు లోపటికి ఎట్లొచ్చింది?"

ఆ గుడ్డను చేటలో బియ్యం మీద పరిచింది. తర్వాత అక్కడ ఎవరూ లేరన్నట్టు మెల్లగా చెప్పింది.

"మీ మామ కుట్టలే. గా చలికాలం ఆయనకు టైఫాయిడ్ అచ్చింది. నలబై దినాలు మంచంలనే. రైల్వేవాళ్ల కోట్లు మూడు ఒప్పుకొని ఉండె. నాకు పద్దెనిమిదేండ్లు. తలుపేసుకొని నేనే కోసిన. గీ కోటుకు ముందటి రెండు పార్టులు ఎడమవే కోసిన, పిచ్చిదాన్ని. ఒకటి కోసినంక కాయితం తిర్గెయ్యాలన్న సోయి లేదు. మల్ల ఇంకోటి కోసేసర్కి కాలర్ కిందికి బట్ట లేకపాయె. తుక్డాలన్ని ఏరి అతికి, లోపట నా లుగ్డా చింపి పెట్టిన."

"కోటు మంచిగ రాలేదా?"

"మంచిగ రాకపోవుడేంది!" ఆమె తల ఎత్తింది. "ఇస్తారి ఏసుకొని స్టేషన్‌ల తిరిగితె, సూసి ఇంకో ఆరుగురు అచ్చిండ్రు."

"మరి మామ ఏమన్నడు?"

"లేచినంక కత్తెర గుంజుకున్నడు. పంఢరినాథుని మీద ఒట్టేయించిండు. ఆడదాని కటింగ్ అని తెలిస్తె మొగోళ్లెవలు రారు, దుక్నం మూతపడ్తది అన్నడు."

కోడలికి బుద్ధి చెప్పి అత్త తెడ్డు నాకిందని సామెత. నాకు ఆ ముసలామె మీద జాలి కలగాలి. కలగలేదు. ఒళ్లంతా మంట లేచింది. మామ నోట్లోంచి వచ్చిన మాటను దేవుడు చెప్పిన మాటలాగా ఇరవై ఏళ్లు నా నెత్తిన రుద్దింది ఈమె.

"నీకు చేతనైందని నీకు తెల్సు. ఆడోళ్లకు చేతనైతదని తెల్సు. తెలిసి నన్నెందుకు కొట్టినవ్?"

ఆమె అబద్ధం చెప్పలేదు. అదే నన్ను ఇంకా మండించింది.

"నాకు కాంది నీకెట్లయితదని" అంది.

బియ్యం చేట ఆమె ఒళ్లోంచి లాక్కుని లోపలికి పోయాను. మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు. అన్నం పెట్టాను, వేడినీళ్లు పెట్టాను, మాట మాత్రం పెట్టలేదు. ఆమె కూడా నా వెనకే రెండుసార్లు "రేవతీ" అని ఆగిపోయింది.

నాలుగో రోజు పదకొండు గంటలకు తలుపు దగ్గరికి వేసి దుకాణానికి పోయాను. పెళ్లయ్యాక దుకాణం మెట్టెక్కడం అది మూడోసారో నాలుగోసారో. లోపల మందుల దుకాణం కుమారస్వామి ప్యాంటు కోసం కూర్చుని ఉన్నాడు. పెద్ద కత్తెర కటింగ్ టేబుల్ మీదే ఉంది. సానా లేదు, పాడూ లేదు.

"కత్తెర కావాలె" అన్నాను.

"ఇంటికచ్చి మాట్లాడ్త, నువ్ పో" అన్నాడు అంబదాస్, కుమారస్వామి వైపు చూస్తూ.

"ఇంట్లున్నదాన్ని ఇక్కడికి తెచ్చినవ్. అందుకే ఇక్కడికచ్చిన."

"నలుగుర్ల ఇజ్జత్ తీస్తవా ఏంది?"

నేను టేబుల్ దగ్గరికి పోయి కత్తెర తీసుకున్నాను. ఎవరూ నా చెయ్యి పట్టుకోలేదు. ఆకాశం విరిగి పడలేదు. అంబదాస్ నా వెనకే మెట్ల దాకా వచ్చాడు. గొంతు తగ్గించి, మొదటిసారి నన్ను సాటి పనివాణ్ని అడిగినట్టు అడిగాడు.

"ఖరాబైతె?"

"ఖరాబైతె నాది. మంచిగైతె ఎవలది?"

బజారు మధ్యలోంచి కత్తెర పైటలో చుట్టుకుని ఇంటికి వచ్చాను.

ఆ మధ్యాహ్నమే చాప పరిచి కూర్చున్నాను. ముందు కోటు ఎడమ భాగం తీసుకున్నాను, పురుగు కొట్టనిది. దానికి మూడు పాత కాజాలు ఉన్నాయి. తిప్పి పరిస్తే అది కుడి భాగమైంది. ఆడవాళ్ల బట్టలకు కాజాలు కుడివైపే ఉంటాయి గనక ఆ మగ కోటు తనంతట తానే ఆడకోటు అయింది. నాకు నవ్వొచ్చింది కానీ చెప్పుకునే మనిషి లేదు, ఉన్న ఒక్క మనిషితో మాటల్లేవు. కత్తెర పెట్టి కోశాను. ఊలు మెత్తగా తెగుతూ పోయింది. కత్తెర బరువు భయపెడుతుందనుకున్నాను, అదే చేతిని సరిగ్గా నడిపించింది.

రెండో భాగం పురుగు తిన్నది పనికిరాదు. వెనక అంతా అస్తరే గనక కోటు వీపు ముక్క మిగిలి ఉంది. అందులోంచి తీయాలి. అదొక్కటే ఉంది. పోయిందంటే ఇంక బట్ట లేదు, ఆ అమ్మాయి తాత కోటు పోయినట్టే. తాజా వైపు పైకి పరిచి, కాగితం పెట్టి, సుద్దతో చుట్టూ గీసి కత్తెర తెరిచాను.

"ఆగు."

అత్త మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉందనుకున్నాను. ఎప్పుడు ఇటు తిరిగిందో తెలియదు.

"కాయితం తిర్గెయ్యలే నువ్వు. గది సుత కుడిదే అయితది."

కిందికి చూశాను. నిజమే. ఎప్పుడో ఆమె చేసిన తప్పు మీదనే నా కత్తెర నిలబడి ఉంది. అలాగే కోసి తర్వాత తిప్పి పెట్టుకుంటే వెలిసిన మొహం బయటికి వచ్చేది. చెమట పట్టింది నాకు, ఆ చలిలో. కాగితం తిరగేశాను, సుద్ద గీతలు దులిపి మళ్లీ గీశాను, కోశాను. ఆమెకు మంచి మాట ఒకటి చెప్పాల్సింది. చెప్పలేదు. ఒక ముక్కను కాపాడినంత మాత్రాన ఇరవై ఏళ్లు తిరిగి రావు.

కచ్చా కుట్టు వేసి, కాన్వాస్ పెట్టి, జేబులు నాలుగూ తిప్పి, అస్తరు వేసేసరికి పుష్యం వచ్చింది. పట్టీకి బకిల్ ఊళ్లో దొరక్క పాత బడి సంచిది ఊడదీశాను. మూడు పాత కాజాల మీద మళ్లీ దారం తిప్పి, మధ్యలో నావి రెండు వేశాను. పక్కపక్కన పెడితే ఏవి అత్తవో ఏవి నావో చెప్పడం కష్టం. అది చూసి కూడా నాకు కోపమే వచ్చింది. ఇంత పనితనం ఇంట్లో పెట్టుకుని పొడవు ప్యాంట్లు పొట్టి చేసుకుంటూ కూర్చున్నాం.

దీపిక వస్తుందన్న ముందురోజు అంబదాస్ రెండు కొత్త లేబుళ్లు తెచ్చి మిషన్ మీద పెట్టాడు. దుకాణం పేరు, కింద 'సూట్ స్పెషలిస్ట్'. పెట్టి దుకాణానికి పోయాడు. నేను వాటిని పక్కకు జరిపాను. లేబుల్ ఉండాల్సిన చోట, మెడ వెనక, ఆ ఆకుపచ్చ లుగ్డా ముక్కను నాలుగు వైపులా మడిచి, ఎర్ర అంచు పైకి వచ్చేలా కుట్టాను.

ఆదివారం పగలు దీపిక వచ్చి తొడుక్కుంది. బీరువా అద్దం ముందు ఇటు తిరిగింది, అటు తిరిగింది, జేబుల్లో వేళ్లు పెట్టింది. కళ్లలో నీళ్లు తిరిగాయి ఆమెకు.

"తాత ఉంటె గీ కోటే ఇట్లైందంటె నమ్మకపోతుండె అక్కా."

భోజనానికి వచ్చిన అంబదాస్ గొంతు సవరించుకున్నాడు. "మా బాపు చేతి కోటు కద చెల్లె. గా కటింగే వేరు. గా చెయ్యి మా ఇంట్లనే ఉన్నది."

"కటింగ్ నేను చేసిన" అన్నాను. అవసరమైనదానికన్నా గట్టిగానే అన్నాను. దీపిక నా వైపు తిరిగింది. ఆమె మెడ వెనక కోటు అంచు మడిచి లోపలి ముక్క చూపించాను. "గిది పాత కోటు కాలర్ల దొరికింది. గా కోటు కోసినోళ్ల చీర. ఎవలదో మా అత్తనడుగు."

దీపిక మంచం దగ్గరికి పోయి ప్రేమగానే అడిగింది. "అవ్వా, గిది నీదేనా?"

అత్త కొడుకు వైపు చూసింది. నా వైపు చూసింది. కొంగు సరిచేసుకుంది.

"ఏమో బిడ్డా, యాది లేదు. ఎవలదో పాత పేలిక."

నా చేతిలో ఏదైనా ఉంటే నేలకేసి కొట్టేదాన్ని. దీపికను వాకిలి దాకా సాగనంపాను, అంబదాస్ దుకాణానికి పోయేదాకా ఆగాను, అప్పుడు మంచం ముందు నిలబడ్డాను.

"మామకు భయపడ్డవ్, సరే. ఆయన పోయి పదిహేనేండ్లాయె. ఇప్పుడెవలకు భయపడుతున్నవ్? కడుపుల పుట్టినోనికా? నేను నీ పేరు తీసి మెడకు కుట్టిన. పేలిక అంటవా?"

ఆమె తిరిగి తిట్టలేదు. ఏడవలేదు. మిషన్ వైపు చెయ్యి చాపింది.

"జర గా కత్తెర ఇటియ్యి."

ఇచ్చాను. రెండు చేతులతో పట్టుకుంది. వేళ్లు సందుల్లో పెట్టబోయింది. కీళ్లు ఉబ్బి ఉన్నాయి, బొటనవేలు దూరలేదు. చెయ్యి మార్చింది, అదీ దూరలేదు. కత్తెరను ఒళ్లో పెట్టుకుని దాని మీద అరచెయ్యి ఆనించింది.

"ఒకప్పుడు గీ వేళ్లు సన్నగుండె" అంది.

నేను ఓదార్చలేదు. అంట్లు వేసుకుని పెరట్లోకి పోయి, సొట్టలు పడేలా తోమాను. తిరిగి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. మూలన ఉండే ఆమె కర్ర లేదు. కత్తెర లేదు. పక్కింట్లో ఉందేమో అనుకుని ఊరుకున్నాను.

దీపాలు పెట్టే వేళకు అంబదాస్ ఒక్కడే వచ్చాడు. చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలో నిలబడ్డాడు.

"అవ్వ దుక్నంల కూసున్నది."

"ఎందుకు?"

"నాకేం తెల్సు. కటింగ్ టేబుల్ కాడ నా కుర్చీల కూసున్నది, ఒళ్లె కత్తెర పెట్టుకొని. లెవ్వుమంటె లేస్తలేదు. అచ్చినోళ్లకల్ల చెప్తున్నది, ఇస్తారి కోటు నేనే కోసిన, నా కోడలు తిప్పి కుట్టింది అని. పక్కకెల్లి కుమారస్వామిని పిలిచి మరీ చెప్పింది. మంది జమైతున్నరు." ఆయన మొహం చెమటతో తడిసి ఉంది. "నిజమేనా రేవతీ?"

"నిజమే."

చేత్తో మొహం తుడుచుకున్నాడు. "మరి నాకెందుకు చెప్పలే ఎన్నడు?"

"గది ఆమెనే అడుగు."

"నువ్వు రా జర. నువ్వు చెప్తె లేస్తది. షట్టర్ దించే టైమైంది."

నాకు ఆమె మీద కోపం పోలేదు. టేపు దెబ్బ టేపు దెబ్బే. కానీ బయట చలి ముదురుతోంది, ఆమె శాలువా దండెం మీదే ఉంది. తీసి మడిచి ఆయన చేతిలో పెట్టాను.

"గిది కప్పు పో. ఆమె చెప్పుడు అయిపోయేదాంక షట్టర్ దించకు" అన్నాను.